పట్టాభిరామ్ మీదుగా నడిచే నవల



తమిళుల పెరటాసి నెల వచ్చిందంటే చెన్నై నుంచి తిరువళ్ళూరు వెళ్ళే పెద్దరోడ్డు మీద కాలినడక జనం కనిపిస్తారు. పసుపు బట్టలు, మెడలో తులసిమాల, భుజాన చిన్న సంచీ, నోట గోవింద నామం. అంబత్తూరు, ఆవడి దాటి పట్టాభిరామ్ చేరతారు. అక్కణ్ణుంచి తిరునిన్రవూరు, తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి సాగుతారు. పాత చెన్నపట్నంలోని చెన్నకేశవ పెరుమాళ్ గుడి దగ్గర బయలుదేరే తిరుపతి గొడుగులు కూడా ఊరేగుతూ ఈ పట్టాభిరామ్ మీదుగానే తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధికి వెళ్ళి, ఆ తరువాత తిరుమల గరుడసేవకు అందుతాయి. ఆడికృత్తికకు ఇదే రోడ్డు మీద కావళ్ళు తిరుత్తణి కొండకు బయలుదేరతాయి. చెన్నై నుంచి తిరుపతికి దారి 130 కిలోమీటర్ల పైమాటే.

అంత దూరం ఒంటరిగా నడిచేవాళ్ళు తక్కువ. పేటకో జట్టు, వీధికో జట్టు. ఆ జట్టులో ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు ఉంటారు, ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు ఉంటారు. చీటీ డబ్బుల దగ్గరో, పిల్లల పెళ్ళి దగ్గరో మాటా మాటా వచ్చి ఏళ్ళ తరబడి పలకరించుకోని ఇద్దరు కూడా ఉండవచ్చు. అలాంటి ఇద్దరు మూడు నాలుగు రోజులు పక్కపక్కన నడవవలసి వస్తే ఏమవుతుంది? ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్న గురించే. విడిపోయిన మిత్రులను పొడుగాటి నడక కలిపే కథలు లోకంలో ఎలా పుట్టాయి, మన సాహిత్యంలో వాటి జాడ ఎక్కడుంది, పట్టాభిరామ్ రోడ్డు మీద అలాంటి తెలుగు నవల ఎందుకు రావాలి అన్నదే విషయం.

ముందు ఒక ఇంగ్లండు నవల సంగతి. రచయిత్రి రేచెల్ జాయిస్. నవల పేరు ‘ది అన్‌లైక్లీ పిల్‌గ్రిమేజ్ ఆఫ్ హెరల్డ్ ఫ్రై’. 2012లో వచ్చింది, ఆ ఏడాది బుకర్ బహుమతి తొలి జాబితాలో నిలిచింది. రేడియో శ్రోతలకు ఇంకో విశేషం చెప్పాలి. ఈ కథ ముందు పుట్టింది రేడియో నాటకంగా. జాయిస్ తండ్రి క్యాన్సర్‌తో మంచం పట్టిన రోజుల్లో ఆమె బీబీసీ రేడియో కోసం దాన్ని రాసింది. నవలగా విస్తరించింది ఆ తరువాతే.

కథానాయకుడు హెరల్డ్‌కు 65 ఏళ్ళు. బీరు కంపెనీలో అమ్మకాల ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇంగ్లండు దక్షిణపు కొసన కింగ్స్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్ళో భార్యతో ఉంటున్నాడు. ఒకే ఇంట్లో ఉన్నా ఆ ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడో అడుగంటాయి. ఒక పొద్దున ఉత్తరం వస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట తనతో కలిసి పనిచేసిన క్వీనీ హెన్నెసీ ఉత్తర కొసన, స్కాట్లండ్ సరిహద్దు దగ్గర బెరిక్ అనే ఊళ్ళో, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఆశ్రమంలో ఉంది. వీడ్కోలు చెప్పడానికి రాసింది. హెరల్డ్ రెండు ముక్కలు జవాబు రాసి, తపాలా డబ్బాలో వెయ్యడానికి బయటికి వస్తాడు. డబ్బా దగ్గర ఆగలేకపోతాడు. తరువాతి డబ్బా దాకా నడుస్తాడు. అక్కడా ఆగడు. అలా 627 మైళ్ళు, 87 రోజులు నడుస్తాడు. తను నడుస్తున్నంత కాలం ఆమె బతికి ఉంటుందని అతని నమ్మకం.

క్వీనీకి అతను పడ్డ బాకీ ఏమిటన్నది నవల చాలా నెమ్మదిగా విప్పుతుంది. కొడుకు పోయిన దుఃఖంలో హెరల్డ్ తాగి ఆఫీసులో యజమానికి ప్రాణప్రదమైన గాజుబొమ్మలు పగలగొట్టాడు. ఆ నేరం క్వీనీ తన మీద వేసుకుంది, ఉద్యోగం పోగొట్టుకుంది, ఊరు విడిచి వెళ్ళిపోయింది. హెరల్డ్ ఆమెకు కృతజ్ఞత చెప్పలేదు, వెతకనూ లేదు. ఇరవై ఏళ్ళు మోసిన ఆ సిగ్గును ఒక ఫోను పిలుపుతోనో, రైలు టిక్కెట్టుతోనో తీర్చుకోలేక కాళ్ళతో తీర్చుకోబోయాడు. పాదాలు బొబ్బలెక్కిన రోజున అతనికి కొడుకు చిన్ననాటి ముఖం గుర్తొస్తుంది, ఆకలేసిన రోజున తల్లి తనను వదిలి వెళ్ళిపోయిన రోజు గుర్తొస్తుంది. జాయిస్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. నడక వేగానికి సరిపడా మాత్రమే ఆమె జ్ఞాపకాన్ని బయటికి రానిస్తుంది.

చివరికి అతను చేరేసరికి క్వీనీకి మాట పడిపోయి ఉంటుంది. పెద్ద సంభాషణ ఏమీ జరగదు. కానీ ఇంట్లో ఉండగా తెగిపోయిన భార్యాభర్తల బంధం మాత్రం అక్కడ తిరిగి చిగురిస్తుంది. రెండేళ్ళకు, 2014లో, జాయిస్ ఇదే కథను క్వీనీ వైపు నుంచి మరో నవలగా రాసింది. నడిచినవాడిది ఒక కథ అయితే ఎదురుచూసినవారిది ఇంకో కథ అని ఆమె గుర్తించింది. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి, ఎందుకంటే మన చెన్నపట్నంలో ఇలాంటి జంట ఒకటి ఆమెకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే ఉంది. ఆ జంట దగ్గరికి కాస్సేపట్లో వద్దాం.

నడకలోనే ఈ గుణం ఎందుకుంది? ఎదురెదురుగా కూర్చుంటే కళ్ళలోకి చూడాలి. చూస్తే పాత గాయం కదులుతుంది. పక్కపక్కన నడిచేవాళ్ళు ఇద్దరూ ముందుకే చూస్తారు. మాట లేకపోయినా వెలితిగా ఉండదు, అడుగుల చప్పుడు ఆ చోటు నింపుతుంది. దారి తప్పితే ఇద్దరూ తప్పుతారు, వాన వస్తే ఇద్దరూ తడుస్తారు. 2017లో క్రిస్టీన్ వెబ్, మాయా రోసిన్యాక్-మిలన్, టోరీ హిగిన్స్ అనే పరిశోధకులు ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో సరిగ్గా ఈ ప్రశ్న మీదే వ్యాసం రాశారు. తగవు పడినవాళ్ళు కలిసి నడిస్తే రాజీకి దారి సులువవుతుందా అని. ఒకే దిక్కుకు, ఒకే లయలో కదలడం మనసును ఇరుక్కున్నచోటు నుంచి కదిలించగలదని వాళ్ళ వాదన.

దేశాల మధ్య కూడా ఇది జరిగింది. 1982 జూలై 16న జెనీవా దగ్గరి జూరా కొండల్లో అమెరికా ప్రతినిధి పాల్ నిట్జ్, సోవియట్ ప్రతినిధి యూలీ క్విట్సిన్‌స్కీ అధికారుల గుంపును వదిలి ఇద్దరే నడకకు వెళ్ళారు. ఐరోపాలో మోహరించిన అణుక్షిపణుల గురించి చర్చల బల్ల దగ్గర నెలల తరబడి తేలని విషయం మీద ఆ నడకలో ఒక ఒప్పందం ముసాయిదా తయారైంది. అటు మాస్కో, ఇటు వాషింగ్టన్ దాన్ని ఒప్పుకోలేదు. ఆ క్షిపణుల ఒప్పందానికి 1987 దాకా ఆగవలసి వచ్చింది. అంటే, నడక మనుషులను కలపగలదు గానీ వాళ్ళు తిరిగి వెళ్ళే ఇళ్ళను మార్చలేదు. మంచి నవలాకారుడు ఈ రెండో సగాన్ని కూడా రాస్తాడు.

మన పురాణాల్లో ఈ కథ రెండు ముఖాలతో కనిపిస్తుంది.

ఒకటి కుచేలుడిది. పోతన భాగవతం దశమస్కంధంలో తెలుగువాళ్ళందరికీ పరిచయమైనదే. సాందీపని దగ్గర కలిసి చదువుకున్న కృష్ణుడు ద్వారకకు ప్రభువయ్యాడు, కుచేలుడు ఇల్లు గడవని బీదవాడయ్యాడు. భార్య చెప్పగా కొంగున అటుకులు మూటగట్టుకుని నడిచి వెళ్ళాడు. అటుకుల సంగతి అందరూ చెప్తారు. అయితే మిత్రులు కలిసి కూర్చోగానే కృష్ణుడు ఎత్తిన ప్రస్తావన ఇంకోటి ఉంది. గురుపత్ని కట్టెలు తెమ్మంటే ఇద్దరూ అడవికి వెళ్ళడం, అకాలపు గాలివాన కమ్ముకోవడం, దిక్కు తెలియని చీకట్లో చేతులు పట్టుకుని తిరగడం, తెల్లవారాక గురువు వెతుక్కుంటూ రావడం. ద్వారకాధీశుడికి ఆ చెలిమి గుర్తున్నది పాఠాలతో కాదు, కలిసి దారి తప్పిన ఒక రాత్రితో.

రెండోది ద్రోణుడిది. అతనూ ద్రుపదుడితో గురుకులంలో కలిసి పెరిగినవాడే. కొడుకు అశ్వత్థామకు పాలు కొనలేని పేదరికంలో, రాజ్యంలో వాటా ఇస్తానన్న పాత మాటను నమ్ముకుని పాంచాలానికి వెళ్ళాడు. సమానులకే స్నేహమని ద్రుపదుడు నిండుసభలో తోసిపుచ్చాడు. ఆ అవమానం అర్జునుడి చేత ద్రుపదుణ్ణి కట్టి తెప్పించి సగం రాజ్యం తీసుకునేదాకా వెళ్ళింది, ఆ పగ ధృష్టద్యుమ్నుడి పుట్టుకకూ కురుక్షేత్రంలో ద్రోణుడి చావుకూ దారితీసింది. ఇద్దరు పేద బ్రాహ్మణులు, ఇద్దరు చిన్ననాటి మిత్రులు, రెండు ప్రయాణాలు. ఒకచోట తలుపు తెరుచుకుంది, ఒకచోట మూసుకుపోయింది. ఈ ఇతివృత్తం మీద నవల రాసేవాళ్ళు ఏ తలుపు దగ్గరికి నడుస్తున్నారో ముందే నిర్ణయించుకోవాలి.

తెలుగు నవల పుట్టుకలోనే కాలినడక ఉంది. కందుకూరి వీరేశలింగం 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలుపెట్టిన ‘రాజశేఖర చరిత్రము’లో, ధవళేశ్వరం రాజశేఖరుడు డబ్బున్నన్నాళ్ళూ చుట్టూ చేరిన భట్రాజులాంటి పొగడ్తల మిత్రులను నమ్మి ఆస్తి కరగబెట్టుకుంటాడు. చేతిలో పైసా లేకుండా పోయాక ఒక్కరూ పలకరించరు. కుటుంబాన్ని వెంటబెట్టుకుని కాశీకని బయలుదేరతాడు. దారిలో ఎండదెబ్బకు పడిపోయిన ఒక మనిషిని ఆ కుటుంబం ఆదుకుంటుంది. రామరాజు అని పేరు చెప్పుకున్న ఆ మనిషే తరువాత వాళ్ళ కష్టాలు తీరుస్తాడు. అతను మారువేషంలో ఉన్న పెద్దాపురం ప్రభువని చివర తేలుతుంది. ఇంట్లో పోయిన మిత్రులకు బదులుగా రోడ్డు మీద మిత్రుడు దొరికాడు. మొదటి అడుగే అంత బలంగా పడిన ఆ బాటలో మన నవల ఆ తరువాత ఇళ్ళలోకి, కోర్టుల్లోకి, కాలేజీల్లోకి వెళ్ళింది. రోడ్డును మాత్రం చాలావరకు యాత్రా రచయితలకు వదిలేసింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధించిన మాచవరపు ఆదినారాయణ వంటివారు ‘భ్రమణ కాంక్ష’తో ఆ లోటు కొంత పూరించారు. కాలినడకన దేశం చూసిన మనిషి రాసిన పుస్తకమది.

ఇప్పుడు చెన్నపట్నం జంట దగ్గరికి వద్దాం.

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై ఆయనకు ఆప్తమిత్రుడు. 1830 మే 18న వీరాస్వామయ్య కుటుంబంతో, దాదాపు వంద మంది పరివారంతో కాశీకి బయలుదేరాడు. ఆయన పల్లకీలో వెళ్ళాడు. మోసిన బోయీలు, వెంట వచ్చిన జనం నడిచారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్నం, రాజమహేంద్రవరం. 1831 సెప్టెంబరు 3న మళ్ళీ చెన్నపట్నం. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం.

దారి పొడుగునా ఆయన చూసింది చూసినట్టు రాసి శ్రీనివాస పిళ్ళైకి పంపుతూ వచ్చాడు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఏ సత్రంలో దిగవచ్చు, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాలి, ఎవరి రాజ్యంలో బాటసారికి భయం లేదు. ఈ వివరాలన్నీ ఒక మిత్రుడు ఇంకో మిత్రుడికి చెప్పుకున్న కబుర్లే. అందుకే నేటికీ ఆ పుస్తకం చదువుతుంటే ప్రభుత్వ నివేదికలా కాక పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. 1836లో వీరాస్వామయ్య కన్నుమూశాడు. రెండేళ్ళకు, 1838లో, శ్రీనివాస పిళ్ళై ఆ రాతలను గ్రంథంగా కూర్చి, మిత్రుడి జీవిత విశేషాలు జోడించి ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చు వేయించాడు. 1941లో దిగవల్లి వేంకట శివరావు మళ్ళీ పరిష్కరించి వెలుగులోకి తెచ్చారు.

ఈ ఇద్దరూ తగవులాడుకుని విడిపోయినవాళ్ళు కారు. దూరమే వాళ్ళను విడదీసింది, ముందు ప్రయాణం, తరువాత మరణం. కానీ హెరల్డ్, క్వీనీల కథలో ఉన్న రెండు పాత్రలూ ఇక్కడున్నాయి. ఒకరు దారిన సాగారు, ఒకరు ఎదురుచూశారు. ఎదురుచూసినవాడి వల్లనే దారిన సాగినవాడు మనకు దక్కాడు. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటైన ఈ పుస్తకం ఒక స్నేహం బాకీ తీర్చుకుంటే పుట్టింది.

వీరాస్వామయ్య కాలానికి ఈ ప్రాంతంలో రైలు లేదు. చాలామందికి నడక తప్పనిసరి. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. అది ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా వెళ్ళింది, అంటే పట్టాభిరామ్ ముంగిట్లో నుంచే. ఆ రోజు నుంచి ఈ దారిన నడవడం అవసరం కాకుండా పోయింది, నడిచేవాళ్ళు కోరి నడవడం మొదలైంది. హెరల్డ్ ఫ్రై రైలెక్కకపోవడానికి ఏ కారణమో, లోకల్ రైలు తరచూ కూత వేస్తున్నా పెరటాసిలో నడిచేవాళ్ళకూ అలాంటి కారణమే ఉంటుంది. మొక్కు అన్న మాటతో అది పూర్తిగా తీరదు. ఒక్కొక్కరి లోపల ఒక్కో బాకీ ఉంటుంది.

ఇక ఈ దారికే ఒక తగవు కథ ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది. మద్రాసు ఎవరిదన్న వాదంతో తెలుగువాళ్ళకూ తమిళులకూ మధ్య మాటలు అప్పటికే పెళుసెక్కాయి. తిరుత్తణి తమదని తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. ఈ సరిహద్దు తగవులో మధ్యవర్తి పటాస్కర్ ఇచ్చిన నిర్ణయం మీద 1959లో చట్టం వచ్చింది, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పటికి ఈ దేశ ఉపరాష్ట్రపతి. ఆయన చదువు తిరుత్తణి, తిరుపతి, వాలాజాపేట, వెల్లూరు, మద్రాసుల్లో సాగింది. ఆ ఊళ్ళ మధ్య రాష్ట్రాల గీత ఆ రోజుల్లో లేదు.

గీత పడింది, బడుల్లో భాష మారింది, బస్సుల మీద బోర్డులు మారాయి. నడిచేవాళ్ళు మారలేదు. చెన్నై తమిళులు తిరుపతికి నడుస్తారు, చిత్తూరు తెలుగువాళ్ళు కావడి ఎత్తుకుని తిరుత్తణికి వస్తారు. కొండ ఎక్కే 365 మెట్ల మీద హరోహర అనే పిలుపులో ఎవరిది ఏ భాషో తెలియదు. ఇక పట్టాభిరామ్‌లో కలవల కన్నన్ శెట్టి ధర్మనిధి 1969లో పెట్టిన హిందూ కళాశాల ఉంది. తెలుగు వైశ్య కుటుంబం దానధర్మంతో నిలిచిన ఆ చదువుల ఇంటి పేరే పక్కన రైల్వే స్టేషన్‌కు పెట్టారు. ఆ క్లాసుల్లో తెలుగు ఇంటి పిల్లలు, తమిళ ఇంటి పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఇప్పుడు అదే పట్టాభిరామ్‌లో 21 అంతస్తుల టైడల్ పార్కు లేచింది, కొత్త ఉద్యోగాలకు కొత్త ఊళ్ళ నుంచి మనుషులు వస్తున్నారు.

నవలకు కావలసినవన్నీ ఈ అరవై డెబ్బై ఏళ్ళలో, ఈ ఒక్క రోడ్డు మీద ఉన్నాయి. హిందూ కళాశాలలో కలిసి చదువుకుని, ఏదో మాట మీద తెగిపోయిన ఇద్దరు. వాళ్ళలో ఒకరిది తెలుగు ఇల్లు, ఒకరిది తమిళ ఇల్లు అయితే ఇంకా మంచిది. ఒకరు అన్నా అని పిలిస్తే ఇంకొకరు అన్నే అని పలికే చనువు ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. అరవయ్యో ఏట ఏదో చావు కబురో పెళ్ళి కబురో వాళ్ళను ఒకే జట్టులో నిలబెడుతుంది. పట్టాభిరామ్ దాకా ఇద్దరూ మాట్లాడుకోరు. తిరునిన్రవూరు దగ్గర ఒకరి చెప్పు తెగుతుంది. తిరువళ్ళూరులో హృత్తాపనాశిని కోనేటి మెట్ల మీద పక్కపక్కన కాళ్ళు కడుక్కుంటారు. తిరుత్తణి వచ్చేసరికి అసలు తగవు బయటపడుతుంది. ఆంధ్ర సరిహద్దు దాటి నగరి చేరాక క్షమాపణ రావచ్చు, రాకపోనూవచ్చు. అది రాసేవారి ధైర్యాన్ని బట్టి ఉంటుంది.

ఇలాంటి నవలలో భక్తిని అలంకారంగా వాడకూడదు, అలాగని పక్కకు నెట్టకూడదు. నడిచేవాడికి మొక్కు నిజం, బొబ్బలూ నిజమే. స్త్రీలను వెనక ఉంచకూడదు. పెరటాసి జట్లలో, ఆడికృత్తిక కావళ్ళలో ఆడవాళ్ళ అడుగులూ ఉన్నాయి, వాళ్ళ స్నేహాలు తెగిపోవడానికి పెళ్ళి, కాపురం, ఊరు మారడం వంటి వేరే కారణాలున్నాయి. నలభై ఏళ్ళ తరువాత కలిసిన ఇద్దరు స్నేహితురాళ్ళ నడక రాస్తే అది మగవాళ్ళ కథకు నకలు కాదు, పూర్తిగా వేరే నవల. భాష విషయంలోనూ జాగ్రత్త కావాలి. చెన్నై తెలుగులో తమిళం పాలలో నీళ్ళలా కలిసి ఉంటుంది. దాన్ని కడిగి పుస్తకపు తెలుగు చేస్తే ఈ రోడ్డు చచ్చిపోతుంది.

తమిళనాడులో తెలుగు రాసే యువతీయువకులకు ఈ ప్రసంగం చేసే మనవి ఒక్కటే. మన కథలు హైదరాబాదులోనో విజయవాడలోనో జరగాలన్న నియమం లేదు. తిరువళ్ళూరు, తిరుత్తణి తాలూకాల్లో తెలుగు ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 1960 నాటి మార్పును కళ్ళారా చూసిన పెద్దలు ఆ ఇళ్ళలో కొందరైనా మిగిలి ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. ఎవరితో మాటలు పోయాయి, ఎందుకు పోయాయి, మళ్ళీ కలిశారా అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, పేర్లు మార్చండి, ఊళ్ళు మాత్రం మార్చకండి. ‘కాశీయాత్ర చరిత్ర’ను దగ్గర ఉంచుకుని చదవండి, చూసిన దాన్ని ఎంత సూటిగా రాయవచ్చో అది నేర్పుతుంది. పట్టాభిరామ్ పేరు కథలోకి ఎక్కిన తెలుగు నవల ఒకటి రావాలి. రాయగలవాళ్ళు మీలో ఉన్నారు. ఈ ఏడే మొదలుపెట్టండి.